సెలవు పన్నెండు రోజులు

"ఈసారి వచ్చిందంటే ఇంక వెళ్ళదులే అమ్మా. పిల్లే ఆపేస్తుంది" అన్నాడు కొడుకు, తాగిన టీ కప్పు సింకులో పెట్టకుండా కిటికీ అంచు మీద పెడుతూ.

అత్తగారు అప్పుడు మనవరాలి తల దువ్వుతోంది. నాలుగున్నరేళ్ళ పిల్ల, ఒక్కచోట నిలవదు, అందుకే ఇంట్లో అందరూ దాన్ని పిచ్చుక అంటారు. మోకాళ్ళ మధ్య ఇరికించుకుంటే తప్ప జడ పడదు. కొడుకు మాటకి ఆవిడ చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఆ మాట ఆవిడకి కొత్త కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట, ఎవరి కప్పు వాళ్ళు కడుక్కోని ఇలాంటి ఇంట్లోనే, తన గురించి ఇదే మాట అనుకుంటుంటే పక్క గదిలోంచి విన్నది. అప్పుడు ఆవిడని ఆపిన పిల్లాడే ఇప్పుడు కిటికీ దగ్గర నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. వాడికా సంగతి తెలీదు. చెప్పిన వాళ్ళెవరు గనక.

కోడలు వెళ్ళి ఆర్నెల్లయింది. అంతకుముందు స్కూల్లో లెక్కలు చెప్పేది. ఒకరోజు భోజనాల దగ్గర, సైన్యంలో ఆఫీసరు పరీక్ష పాసయ్యాననీ, అకాడమీలో ఏడాది ట్రైనింగనీ, అది పూర్తయితే ఉద్యోగం, క్వార్టరు, పిల్లని తనతోనే ఉంచుకోవచ్చనీ చల్లగా చెప్పేసింది. మామగారి నోట్లో నువ్వుగింజ నానదు, అలాంటి మనిషి కూడా ఆ పూట మాట్లాడలేదు. కొడుకు మాత్రం "మరి పిల్ల?" అన్నాడు. మరి నేను అని అడగడానికి మొహం చెల్లక పిల్లని ముందు పెట్టాడని కన్నతల్లికి తెలీదా. అప్పుడు ఆవిడ, ఎందుకంటోందో తనకే తెలీకుండా, "పిల్లని నేను చూసుకుంటాను" అంది. ఆ మూడు మాటల మీదే కోడలు బస్సెక్కింది.

ఇప్పుడు సంవత్సరాంతం సెలవులకి అకాడమీ మూసేస్తున్నారు. ట్రైనీలందరికీ పన్నెండు రోజుల సెలవు. ఇంటింటికీ ఒక ఉత్తరం కూడా పంపారు. మామగారు కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివారు. "సెలవు కాలంలో ట్రైనీకి తగిన విశ్రాంతి, మంచి ఆహారం, ప్రశాంత వాతావరణం కుటుంబ సభ్యులు సమకూర్చగలరు" అని చదివి, కాగితం మడిచి భార్య చేతిలో పెట్టారు. "కుటుంబ సభ్యులంటే నువ్వేలే" అన్నారు నవ్వుతూ. అందులో అబద్ధం లేదు గనక ఆవిడకీ నవ్వొచ్చింది. ఆ ఇంట్లో ఎవరికి సెలవొచ్చినా ఆవిడకి పని రెట్టింపు. ఆదివారాలు, బడి సెలవులు, జ్వరాలు, మామగారి రిటైర్మెంటు, అన్నీ ఆవిడకి అదనపు పనిదినాలే. అయినా ఈసారి ఇష్టంగానే చేసింది. దుప్పట్లు ఉతికింది, పరుపు ఎండలో వేసింది, కోడలు చెప్పకపోయినా ఆమె పాత చెప్పులకి ఊడిన పట్టీ కుట్టించి తెచ్చింది. ఎందుకంటే ఆ అమ్మాయంటే ఆవిడకి ప్రేమ కన్నా పెద్దదేదో ఉంది. కృతజ్ఞత అందామంటే, కోడలు తనకి చేసిందేమిటి? వెళ్ళింది. అంతే. ఆ వెళ్ళడానికే ఆవిడ కృతజ్ఞురాలు.

కోడలు దిగింది. మెడ దాకా కత్తిరించిన జుట్టు, ఎండకి నల్లబడిన మొహం, ఎడమ కాలి బొటనవేలికి గోరు లేదు. వాకిట్లో బ్యాగు దించి రెండు చేతులూ చాపింది. పిచ్చుక నానమ్మ మోకాలి వెనక నక్కి, ఒక కన్నుతో చూసి, "నువ్వు ఫోన్లో అమ్మవి కదా" అంది. కోడలు చాపిన చేతులు కాసేపు అలాగే ఉన్నాయి. తర్వాత బ్యాగు ఎత్తుకోవడానికి పనికొచ్చాయి.

మొదటి రెండు రోజులూ ఇంట్లో నవ్వులే. ఆర్నెల్ల అలవాట్లు గడప బయట విడిచి రావడానికి చెప్పులు కావు కదా. ఆరు నిమిషాల్లో పళ్ళెం ఖాళీ చేసి, ఎవరు లేవమంటారా అని చూసేది. మామగారు గదిలోకి రాగానే దిగ్గున లేచి నిలబడేది. ఆయన పొంగిపోయి "ట్రైనింగు బాగానే ఇస్తున్నారే" అని వీధంతా చెప్పుకొచ్చారు. మర్నాడు గ్యాస్ సిలిండరు తెచ్చినతను లోపలికొస్తే అతనికీ అలాగే లేచి నిలబడేసరికి ఆయన ఆనందం సగానికి పడిపోయింది. మూడో రోజు ఉదయం అత్తగారు గదిలోకి వెళ్తే కోడలి వైపు పక్క చెక్కుచెదరకుండా ఉంది, కోడలు నేల మీద చాప వేసుకుని పడుకుంది. మొగుడూ పెళ్ళాల మధ్య ఏదో జరిగిందని ఆవిడ కంగారుపడింది. తీరా అడిగితే, "తెల్లారగానే పక్కలు తనిఖీ చేస్తారత్తయ్యా. ముడత కనిపిస్తే దుప్పటి నెత్తిన పెట్టుకుని పరిగెత్తాలి. అందుకని పక్క వేసేసి కింద పడుకుంటాం" అంది. ఇక్కడ తనిఖీకి ఎవరొస్తారని ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుతూ నవ్వుతూ అత్తగారికి ఒక సంగతి తట్టింది. ఈ ఇంట్లో తను కూడా ముప్ఫై ఏళ్ళుగా అలా తనిఖీకి సిద్ధంగానే ఉంది, కాకపోతే తనకి పరీక్ష పాసయ్యే రోజంటూ పెట్టలేదు.

సెలవు చీటీ అద్దం అంచున దోపి ఉంది. పన్నెండో రోజు సాయంత్రం ఆరింటికల్లా హాజరు కావాలి. ఆలస్యమైతే ఆర్నెల్లు వెనక్కి వేస్తారు, కింది బ్యాచీతో మళ్ళీ మొదట్నుంచి. కొడుకు ఆ చీటీ ముందు నిలబడి తల దువ్వుకుంటూ రోజుకోసారి ఒక మాట వదిలేవాడు. "పొడిగించుకోవడానికి ఉండదా?" "పిల్లకి బాగాలేదంటే ఒప్పుకుంటారటగా?" "ఆర్నెల్లు వెనక్కంటే పెద్ద విషయమా, ఆర్నెల్లు ఇంట్లో ఉన్నట్టేగా." అతను చెడ్డవాడేమీ కాదు. గట్టిగా ఒక మాట అనలేదు, వద్దనలేదు. కరెంటాఫీసులో ఫిర్యాదులు తీసుకునే ఉద్యోగం. ఏ సమస్యనైనా కొన్నాళ్ళు కదపకుండా ఉంచితే దానంతట అదే తగ్గిపోతుందని అతని అనుభవం.

అసలు సంగతి నాలుగో రోజు తేలింది. ఆ ఉదయం పిచ్చుకకి తనే స్నానం చేయిస్తానంది కోడలు. అత్తగారు వంటింట్లో కూర తరుగుతోంది. రెండు నిమిషాలు నీళ్ళ చప్పుడు, నవ్వు. తర్వాత ఏడుపు. "నువ్వొద్దు, నానమ్మ కావాలి." సబ్బు కళ్ళలో పడిందేమో, నీళ్ళు వేడేమో, ఏదో చిన్నదే అయ్యుంటుంది. కొంపలు మునిగినట్టు అత్తగారు కత్తి అక్కడే పడేసి పరిగెత్తింది. కోడలి చేతిలోంచి చెంబు తీసుకుంది. "దీనికి మొహం మీద ముందు పోయకూడదమ్మా, వీపు మీంచి రావాలి" అంది. పిల్ల టక్కున నోరు మూసింది. తడి చేతులతో నానమ్మ మెడ కరుచుకుపోయింది.

ఆ క్షణంలో అత్తగారికి కలిగింది జాలి కాదు, సంతోషం. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా అది సంతోషమే. జీతం లేదు, ప్రమోషన్ లేదు, ఆర్నెల్లు చేసిన చాకిరీకి ఎవరో అందరి ముందూ మొదటి బహుమతి ఇచ్చినట్టుంది. ఆ సంతోషంలోనే తలెత్తి చూసింది. కోడలు గోడకానుకుని నిలబడి ఉంది. మోచేతుల దాకా సబ్బు నురగ, కళ్ళలో చుక్క నీరు లేదు. ఏడవకూడదని నేర్పిన చోటు నుంచి వచ్చింది కదా, మొహం మాత్రం ముడుచుకుపోయింది. ఆ మొహం అత్తగారు ఎక్కడో చూసింది. ఎక్కడో కాదు, తన అద్దంలోనే.

సాయంత్రం డాబా మీద ఆరిన బట్టలు మడతపెడుతూ కోడలు అడిగింది. "నేను వెళ్ళకపోతే ఏమవుతుందత్తయ్యా?"

అత్తగారు ఒక చిన్న గౌను తీసి మడతపెట్టింది. ఒక్క మాట చాలు. 'నీ ఇష్టమమ్మా' అని చల్లగా అంటే చాలు, అమ్మాయి ఆగిపోతుంది. కోడలు ఇంట్లో ఉంటుంది, కొడుకు మొహం వెలుగుతుంది. ట్రైనింగు పూర్తయితే పిచ్చుకని క్వార్టరుకి తీసుకుపోతుందన్న బెంగ కూడా తనకి తీరుతుంది. పిల్ల లేని ఇంటిని తలుచుకుంటేనే ఆవిడకి ఊపిరాడదు. అన్నీ తనకి కలిసొచ్చే మాట నాలుక చివర ఉంది. చేతిలో ఉన్న చిన్న గౌను మడత మళ్ళీ విప్పి మళ్ళీ పెట్టింది.

అప్పట్లో తన నర్సు ట్రైనింగు మూడేళ్ళు. తొమ్మిది నెలలు చదివి, పది రోజుల సెలవుకి ఇంటికొచ్చింది. కొడుక్కప్పుడు ఏడాదిన్నర. వాడిని పెంచుతున్నది తన అత్తగారు, అందరూ పెద్దావిడ అనేవాళ్ళు. పెద్దావిడ ఒక్కనాడు పల్లెత్తు మాటనలేదు. చదువు మానెయ్యమనలేదు. వాడు కుయ్యిమంటే చాలు పరిగెత్తుకొచ్చి, "నీకు తెలీదులే, వాడికిలా కావాలి" అని చేతుల్లోంచి తీసుకునేది. తొమ్మిది రోజుల్లో తను ఒక్కసారి కూడా కొడుకుని పూర్తిగా ఏడుపు మాన్పించలేకపోయింది. ఇంక నేను వెళ్తే వీడికి నేనెవరినో తెలీదు అనుకుంది. రెండ్రోజులు ఆగి వెళ్దామనుకుంది. ఆ రెండ్రోజులూ వారమయ్యాయి. నర్సుల హాస్టలు చూసే మేట్రను ఉత్తరం రాసింది, "నీ మంచం, నీ అలమరా అలాగే ఉంచాను. పదిహేనో తారీకు దాకా ఉంచగలను" అని. జవాబు రాయలేదు. మేట్రను ఇంకో ఉత్తరం రాసింది, నెలాఖరు దాకా ఉంచుతానని. దానికీ రాయలేదు. తనకోసం ఎక్కడో ఒక మంచం నెలాఖరు దాకా ఖాళీగా ఉందన్న తలపు ఇన్నేళ్ళలో ఎన్నో మధ్యాహ్నాలు ఆవిడని నిలబెట్టింది. ఆ మేట్రనుకి థాంక్సు చెప్పలేదన్న బాధ ఒకటి మిగిలిపోయింది.

పెద్దావిడ మీద మాత్రం కోపం అలాగే ఉంచుకుంది. కావాలనే కట్టిపడేసిందనుకుంది. ఇవాళ పొద్దున చెంబు తన చేతిలోకి ఎలా వచ్చిందో తలుచుకుంటే ఆ కోపం కాస్తా ఎటూ కాకుండా పోయింది. పెద్దావిడ పన్నాగమేమీ పన్నలేదు. పిల్లాడు ఏడిస్తే పరిగెత్తింది, అంతే. ప్రేమతోనే పరిగెత్తింది. ఇంటిల్లిపాదీ మంచివాళ్ళయ్యుండి, ఒక్కరూ కాదనకుండానే ఒక మనిషి చదువు ఆగిపోవడం ఎలాగో అత్తగారికి ఇప్పుడు రెండు వైపుల నుంచీ తెలిసింది.

మర్నాడు ఉదయం ఆవిడ చేతిసంచిలో మూడు చీరలు పెట్టుకుని హాల్లోకొచ్చింది. "చెల్లెలి దగ్గరికి వెళ్తున్నాను. ఐదు రోజులు ఉండొస్తాను" అంది.

మామగారు పేపరు దించారు. "ఇప్పుడా? సెలవు కోడలికిచ్చారా, నీకిచ్చారా?"

"నాకెవరూ ఇవ్వలేదండీ. నేనే తీసుకుంటున్నాను."

"వంట?"

"ముగ్గురు పెద్దవాళ్ళున్నారు ఇంట్లో."

"అమ్మా, పిల్ల ఏడుస్తుందే" అన్నాడు కొడుకు.

"ఏడవనీ. వాళ్ళమ్మ ఉంది కదా" అంది. ఆ మాట గట్టిగానే అని గేటు దాటింది. వెనక పిచ్చుక గుక్కపట్టి ఏడుస్తోంది. వెనక్కి తిరిగితే పరిగెత్తుతానని తెలిసి, వీధి మలుపు దాకా ఎదురుగా ఉన్న మందుల షాపు బోర్డు చదువుకుంటూ నడిచింది.

చెల్లెలు టైలరు. గంటన్నర ప్రయాణం దూరంలో చిన్న షాపు, వెనక ఒక గది. అక్క ముందస్తు కబురు లేకుండా దిగేసరికి మిషను ఆపి సంగతంతా విని, "అత్తలేని కోడలు ఉత్తమురాలంటారు. నువ్వే ఇల్లు విడిచొచ్చి మరీ కోడల్ని ఉత్తమురాల్ని చేస్తున్నావన్నమాట" అని టీ కలిపి చేతికిచ్చింది. ఒకరు కలిపిన టీ కూర్చుని తాగడం ఎంత బాగుంటుందో అత్తగారు మర్చిపోయింది. కప్పు పట్టుకుని అలాగే కూర్చుంది. కళ్ళు చెమర్చాయి. టీకి కూడా ఏడుస్తారా అని చెల్లెలు వెక్కిరించింది.

మామగారి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "నా బీపీ మాత్రలెక్కడ?" "మీ మంచం పక్కనే, పదేళ్ళుగా." "కుక్కరు ఎన్ని కూతలు?" "అది కూస్తుంది, మీరు లెక్కపెట్టండి." పిల్ల ఎలా ఉందని మాత్రం ఆవిడ అడగలేదు. ఏడుస్తోందంటే వెంటనే బస్సెక్కేస్తుంది. ఏడవట్లేదంటే తట్టుకోలేదు. రెంటిలో దేనికి ఎక్కువ భయపడుతోందో తేల్చుకోలేక, చెల్లెలు కుట్టిన జాకెట్లకి హుక్కులు కుడుతూ కాలక్షేపం చేసింది.

అక్కడికొచ్చిన మూడో రోజు మధ్యాహ్నం పిచ్చుకే చేసింది ఫోను. "నానమ్మా, నా సాక్సులు నేనే ఉతికాను. అమ్మ తనిఖీ చేసి పాస్ అంది. తాతయ్యవి ఫెయిల్." అత్తగారు పగలబడి నవ్వింది. "ఇంకా ఏం చేశావే?" అంటే, "ఇంక ఉంటాను, అమ్మ పిలుస్తోంది" అని పెట్టేసింది. ఆవిడ లేచి, షాపులో బట్టలు వేసి చూసుకునే తెర వెనక్కి వెళ్ళి కాసేపు ఏడ్చింది. చెల్లెలు ఏమీ అడగకుండా మిషను చప్పుడు పెంచింది. అందుకు ఆ చెల్లెలికి జన్మంతా రుణపడి ఉండొచ్చు.

సెలవు పదో రోజు ఇల్లు చేరేసరికి వాకిట్లో తీగ మీద బట్టలన్నీ తిరగేసి ఆరేసి ఉన్నాయి. మామగారి పనితనమే. "నానమ్మొచ్చింది" అని పిచ్చుక పరిగెత్తుకొచ్చి కావలించుకుంది, సంచిలో ఏముందో చూసింది, రెండు నిమిషాల్లో మళ్ళీ వెళ్ళి వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుంది. దేనికోసం ఇల్లు విడిచి వెళ్ళిందో అదే దొరికింది. దొరికినందుకు సంతోషంగా ఉంది, నొప్పిగానూ ఉంది.

కొడుకు మాత్రం హుషారుగా ఉన్నాడు. "నువ్వెళ్ళడం మంచిదే అయిందమ్మా. చూడు, ఇద్దరూ ఎలా అతుక్కుపోయారో. ఇంకెక్కడికి వెళ్తుంది?"

విప్పుదామని వెళ్ళి తనే ఇంకో ముడి వేసి వచ్చిందా? ఆ రాత్రి భోజనాలప్పుడు కోడలి మొహంలోకి ఎంత చూసినా ఏమీ తెలియలేదు. అడుగుదామంటే, అడిగితే వెళ్ళమన్నట్టూ ఉంటుంది, ఉండమన్నట్టూ ఉంటుంది. పదకొండో రోజు పొద్దెక్కినా బ్యాగు అటక మీదే ఉంది. అత్తగారు కాలుగాలిన పిల్లిలా వంటింట్లోంచి వరండాకీ, వరండాలోంచి వంటింట్లోకీ తిరిగింది.

మధ్యాహ్నం కోడలు వరండాలో పేపరు పరిచి బూట్లకి పాలిష్ పెట్టడం మొదలుపెట్టింది. పిచ్చుక పక్కన కూర్చుని రెండో బూటు తుడుస్తోంది. తుడిచి తుడిచి ఆ పేపరు మీదే నిద్రపోయింది.

"వెళ్తున్నానత్తయ్యా" అంది కోడలు, బ్రష్షు ఆపకుండానే.

అత్తగారు గడప మీద కూర్చుంది.

"మొన్న స్నానం రోజున ఇది నాది కాకుండా పోయిందనుకున్నాను. ఆ భయంతో వెళ్ళగలిగేదాన్ని కాదు. ఈ ఐదు రోజుల్లో మొదటి రోజంతా ఏడ్చింది. రెండో రోజు నన్ను కొట్టింది. ఎందుకెళ్ళావని అడిగింది. చెప్పాను. మళ్ళీ వెళ్తానని కూడా చెప్పాను. ఎన్నిసార్లు పడుకుని లేస్తే వస్తానో కాగితం మీద గళ్ళు గీసిచ్చాను. ఇప్పుడు దాన్ని వదిలేసి వెళ్తున్నట్టు లేదు, దానికి చెప్పి వెళ్తున్నట్టుంది." బ్రష్షుకి ఇంకాస్త పాలిష్ అద్ది అడిగింది. "మీరు కావాలనే వెళ్ళారు కదా? మీకెలా తట్టింది?"

"అప్పుడు నా కోసం ఎవరూ అలా ఊరెళ్ళలేదమ్మా" అంది అత్తగారు.

తర్వాత నర్సు ట్రైనింగూ, పెద్దావిడా, మేట్రనూ, నెలాఖరు దాకా ఖాళీగా ఉన్న మంచమూ అన్నీ చెప్పింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఒకరికి చెప్పడం. ఇంత సంగతి పది నిమిషాల్లో అయిపోయిందేమిటా అని ఆవిడకే ఆశ్చర్యమేసింది. కోడలు బ్రష్షు కింద పెట్టి లేచి నిలబడింది. ట్రైనింగు అలవాటో మరేమో, అత్తగారు కూర్చోమ్మా అనేదాకా కూర్చోలేదు. కూర్చున్నాక ఆవిడ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. నల్లటి పాలిష్ ఇద్దరికీ అంటింది. "మీకెలా థాంక్సు చెప్పాలో తెలీదత్తయ్యా" అంది. "ఆరింటికల్లా అక్కడ ఉండు, చాలు" అంది అత్తగారు. నిజానికి ఆవిడ మనసులో అంతకన్నా చాలా ఉంది. తను దాటలేని గేటు ఒక మనిషి రెండోసారి దాటుతుంటే చూసే భాగ్యం ఎంతమందికి దొరుకుతుంది? థాంక్సు తను చెప్పాలి.

పన్నెండో రోజు పొద్దున్నే నలుగురూ బస్టాండుకి వెళ్ళారు. మామగారు ఇంట్లోనే ఉండి, తన సాక్సులు తనే ఉతుక్కుంటూ వీడ్కోలు చెప్పారు. పిచ్చుక ఏడ్చింది, కానీ పట్టుకున్న కొంగు వాళ్ళమ్మదే, నానమ్మది కాదు. కండక్టరు విజిలేస్తే తనే చెయ్యి వదిలి, "ఎక్కమ్మా, లేటయితే పరిగెత్తిస్తారు" అంది. కోడలు మెట్టు మీద నిలబడి మొగుడితో అంది, "అత్తయ్య ట్రైనింగు ఎక్కడ చేశారో అడుగు." అతను ఏమిటని అడిగేలోగా బస్సు కదిలింది.

పిల్లని భుజం మీద కూర్చోబెట్టుకుని కొడుకు నడుస్తున్నాడు. అంగళ్ళ తలుపులు ఒక్కొక్కటే తీస్తున్నారు. బజారు దాటాక అడిగాడు.

"ఏం ట్రైనింగమ్మా?"

"నర్సు ట్రైనింగు."

"నువ్వా? ఎప్పుడు?"

"నీకు ఏడాదిన్నరప్పుడు. తొమ్మిది నెలలు చదివాను. మార్కులు కూడా బాగానే వచ్చేవి."

కొడుకు ఆగిపోయాడు. భుజం మీది పిల్లని కాస్త సర్దుకున్నాడు. ఫిర్యాదులు వినే ఉద్యోగంలో ఉన్నా, ఇంట్లో ఒకటి ఇన్నేళ్ళుగా రాసుకోకుండా ఉండిపోయిందని ఇప్పుడే తెలిసినట్టుంది అతని మొహం. "మరెందుకు మానేశావు?" అన్నాడు నెమ్మదిగా.

ఆవిడకి ఎవరి మీదా కోపం లేదు. పెద్దావిడ మీద లేదు, ఏడ్చిన పసివాడి మీద అసలే లేదు. అడిగినందుకు కొడుకు మీద ప్రేమ కూడా కలిగింది. అందుకే ఉన్నదున్నట్టు చెప్పింది.

"మానలేదురా. సెలవుకి వచ్చాను."